రిసీవరుకి బొట్టు

2003 మే 1, గురువారం. ఆ రోజు నుంచి సెల్‌ఫోన్లకి ఇన్‌కమింగ్ ఉచితమైంది. భిలాయ్‌లో క్యాంప్ 1 మార్కెట్ గల్లీలో ఉన్న మా ఎస్టీడీ బూత్‌కి ఆ రోజు తొమ్మిదిమంది వచ్చారు. అంతకుముందు రోజు ముప్పై ఒక్కమంది. తొమ్మిదిమందిలో ఇద్దరు ఫోన్ చెయ్యడానికి వచ్చినవాళ్ళు కాదు. ఒకాయన టైమెంతయిందని అడిగాడు. ఇంకొకాయన ఎదురు దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారా అని అడిగాడు. అమ్ముతున్నారని చెప్పాను. నెల కిందటి వరకు అక్కడ టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు.

నేను స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు షిఫ్ట్ లాగ్‌బుక్కు రాసినవాణ్ణి. పేరు కొర్నేలి. ఏ గంటకి ఏం జరిగిందో రాయడం తప్ప ఇంకో విద్య రాదు. బూత్ నాది కాదు, నా భార్య మరియమ్మది. 1993లో ఆమె పేరు మీదే వచ్చింది. రిటైరయ్యాక నేనూ అందులో కూర్చోవడం మొదలుపెట్టాను. నన్ను చూసినవాళ్ళు "మరియమ్మగారు లేరా?" అని అడిగి వెనక్కి వెళ్ళిపోయేవారు.

అందుకు కారణం ఉంది. క్యాంపులో ఉన్న తెలుగువాళ్ళలో సగంమందికి ఇంట్లో ఫోను లేదు. విజయనగరంలో, శ్రీకాకుళంలో ఉన్న వాళ్ళ బంధువుల దగ్గర మా బూత్ నంబరే ఉండేది. అక్కణ్ణించి ఫోనొస్తే మరియమ్మ విని, సాయంత్రం కూరలకి వెళ్తూ ఎవరి కబురు వాళ్ళ గుమ్మంలో చెప్పేది. ఏదీ రాసుకునేది కాదు. రాసుకోమని నేను చాలాసార్లు చెప్పాను.

"రాసుకుంటే రాసుకున్నట్టే చెప్పాలి" అనేది.

ఆ మాటకి అర్థం నాకు పదేళ్ళకి తెలిసింది.

రెండో కారణం బొట్టు. శుభకార్యానికి ఆడవాళ్ళని బొట్టు పెట్టి పిలవాలి. పెట్టకపోతే పిలిచినట్టు కాదు. భిలాయ్ నుంచి బొబ్బిలికి ఒక రాత్రీ ఒక పూటా రైలు. ఒక్క బొట్టు కోసం ప్లాంటులో ఎవరికీ సెలవివ్వరు. 1995లో మా ఎదురుగా ఇడ్లీలు వేసే సింహాచలమ్మ, కూతురి ఓణీల పండగకి బొబ్బిలిలో ఉన్న తోడికోడల్ని ఫోన్లో పిలిచింది. బొట్టు లేని పిలుపుకి రానని తోడికోడలు అంది. సింహాచలమ్మ ఇంటికి పరిగెత్తి కుంకుమ భరిణె తెచ్చింది. రిసీవరుకి, వినే వైపు, బొట్టు పెట్టింది.

"ఎట్టేను."

"ఎట్టేవని నాకేటి తెలుస్తాది? ఎవురు సూసేరు?"

అప్పుడు మరియమ్మ రిసీవరు తీసుకుంది. "నేను చూశానండీ. బొట్టు నడిమధ్యన పెట్టారు. నాకు మీ ఇద్దరిలో ఎవరితోనూ చుట్టరికం లేదు. బొట్టుతో అసలే లేదు" అంది.

తోడికోడలు వచ్చింది. ఆ తర్వాత అది గల్లీలో ఆచారమైపోయింది. పెళ్ళిళ్ళ రోజుల్లో మా రిసీవరు ఎర్రగా ఉండేది. ఎంత తుడిచినా చిల్లుల్లో కుంకుమ మిగిలేది. ఒకసారి చర్చి ఫాదర్ గారు రాయపూర్‌కి ఫోన్ చేసుకుని, చెవికి కుంకుమతోనే వెళ్ళి సాయంత్రం పూజ చేశారు. ఎవరూ ఆయనకి చెప్పలేదు.

మే 18న నరసింగరావు సెల్‌ఫోను పట్టుకుని వచ్చాడు. ఆయన మెర్చంట్ మిల్లులో ఫోర్‌మన్, ఉండేది సెక్టర్ 4లో. కొడుకు లక్ష్మీప్రసాద్ ఆ ఫోను రాయపూర్లో కొనిచ్చాడు. జూన్ 18న ఆయన కూతురు వనజాక్షి పెళ్ళి. ఆషాఢం ముందు అదే చివరి ముహూర్తం. పెళ్ళికొడుకు వాళ్ళదీ భిలాయే, నెహ్రూ నగర్.

"సూసేవా కొర్నేలీ? జేబులో పడతాది" అన్నాడు.

"చూశాను."

"తీగ లేదు."

"లేదు."

"ఇకనించి నీకు శ్రమ లేదు చెల్లెమ్మా" అని మరియమ్మతో అన్నాడు. "పిలుపులన్నీ దీన్లోంచే. మా అక్కకి కూడా దీన్లోంచే చేస్తాను. ఆ చిట్టిబాబుగాడు సెల్లు కొన్నాడంట."

ఆయన అక్క జోగమ్మ విజయనగరంలో ఉంటుంది. చిట్టిబాబు ఆవిడ కొడుకు. వనజాక్షికి మూడేళ్ళప్పుడు తల్లికి జబ్బు చేస్తే, రెండేళ్ళు జోగమ్మే పెంచింది. అలాంటిది 1994 నుంచి అక్కాతమ్ముళ్ళ మధ్య నేరుగా మాటల్లేవు. ఆ ఏడు జోగమ్మ భిలాయ్ వస్తే నరసింగరావు స్టేషనుకి వెళ్ళలేదు. ఆవిడ పేరు పలక మీద రాయించి ఒక మనిషిని పంపాడు. ఆవిడ భిలాయ్ పక్కనున్న దుర్గ్ స్టేషన్లో మూడు గంటలు కూర్చుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం పదకొండు గంటలకి మా బూత్‌కి ఫోన్ చేస్తుంది. మరియమ్మ వింటుంది. సాయంత్రం నరసింగరావు వచ్చి "ఏటంది?" అంటాడు. మరియమ్మ చెబుతుంది. ఆయన జవాబిస్తాడు. వచ్చే ఆదివారం మరియమ్మ ఆ జవాబు అక్కడికి చేరవేస్తుంది.

"జోగమ్మగారికి మటుకు ఇక్కణ్ణించే చెయ్యండి అన్నయ్యా" అంది మరియమ్మ.

"ఏం?"

"లైను బాగుంటుంది."

"ఇందులో ఇంకా బాగుంటాది" అని ఆయన ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం మరియమ్మ అన్నం సగంలో లేచిపోయింది. కారణం అడిగాను. ఆకలి లేదంది.

మే 25, ఆదివారం, పదకొండూ ఇరవైకి నరసింగరావు మళ్ళీ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి ఎగువకి ఒకటి దిగువకి పెట్టుకున్నాడు. బూత్‌లో నేను, మరియమ్మ ఉన్నాం. సింహాచలమ్మ కూడా ఉంది. ఆ నెలంతా ఆవిడ ఎక్కువగా మా బూత్‌లోనే ఉంది. మా దగ్గర ఫోను కోసం కూర్చునేవాళ్ళే ఆవిడ దగ్గర ఇడ్లీలు తినేవారు. కూర్చునేవాళ్ళు తగ్గారు, ఇడ్లీలు మిగిలిపోతున్నాయి.

"చెల్లెమ్మా, ఒక మాట అడుగుతాను. నా కాలు గురించి మా అక్క ఎన్నిసార్లు అడిగింది?"

1998లో మిల్లులో ఆయన ఎడమపాదం కాలింది. మూడు నెలలు మంచంలో ఉన్నాడు.

మరియమ్మ తుడుపుగుడ్డ చేతిలోకి తీసుకుంది.

"ప్రతి ఆదివారం అడిగిందన్నావు. అయిదేళ్ళు అన్నావు. నేను ఇందాక ఫోన్ చేసి 'అక్కా, నా కాలు తగ్గింది, నువ్వింక బెంగెట్టుకోకు' అన్నాను. అదేటందో తెల్సా? 'నీ కాలు గురించి నానెప్పుడడిగాన్రా?' అంది."

సింహాచలమ్మ స్టూలు ముందుకి జరుపుకుంది.

"మరి ప్రతి ఆదివారం ఏటనేది?" అని నరసింగరావు అడిగాడు.

"ఏవో అనేవారు."

"ఏవో అంటే?"

"ఆడింకా ఉన్నాడా అనేవారు."

నేను మరియమ్మ వైపు చూశాను. ఆమె బల్లమీద లేని దుమ్ము తుడుస్తోంది.

"నేను చెప్పినవైనా సరిగ్గా చెప్పేవా? అది పొగరుబోతుదని తొంభై ఆరులో అన్నాను."

"మీ అక్కంటే మీకు భయమని చెప్పాను."

"చెల్లెమ్మా! నువ్వు చర్చికెళ్ళే మనిషివి. అబద్ధాలాడొచ్చా?"

"అబద్ధం ఆడలేదు అన్నయ్యా. తిట్లు తీసేసి మిగిలింది చెప్పాను."

"తిట్లు తీసేస్తే మిగిలిందేటి?"

"ఫోన్ చేశారు కదా" అంది మరియమ్మ. "తొమ్మిదేళ్ళలో ఒక్క ఆదివారం మానలేదు. అంత దూరం నుంచి ఫోన్ చేసి, తమ్ముడింకా ఉన్నాడా అని అడిగితే నేనేం అనుకోవాలి?"

నరసింగరావు కూర్చున్నాడు. సింహాచలమ్మ ఇచ్చిన నీళ్ళు తాగాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. జోగమ్మ పెళ్ళికి రానంది. సెల్లులో పిలిస్తే పిలుపు కాదంది. బొట్టు పెట్టానని ఈయన అన్నాడు. ఎవరు చూశారని ఆవిడ అడిగింది. ఎవరూ చూడలేదు. అసలు ఈయన పెట్టనే లేదు.

ఆయన వెళ్ళాక సింహాచలమ్మ గొంతు సవరించుకుంది.

"మరియమ్మా, మా అత్త నా మోకాలు గురించి అడిగిందన్నావు. అది కూడా నువ్వు కలిపిందేనా?"

"లేదు, అడిగింది."

"ఏటని?"

"ఇంకా ఆ మోకాలు పేరు చెప్పి పని ఎగ్గొడుతోందా అని."

సింహాచలమ్మ లేచి వెళ్ళి, మిగిలిన ఇడ్లీలు మాకు ఇవ్వకుండా ఆవుకి పెట్టింది.

సంగతి రెండు రోజుల్లో క్యాంపంతా తెలిసింది. మే 27 నుంచి జూన్ 2 వరకు పధ్నాలుగుమంది బూత్‌కి వచ్చారు. పన్నెండుమంది పాత కబుర్లు మళ్ళీ అసలు రూపంలో చెప్పమని అడగడానికే. మరియమ్మ ఎవరికీ చెప్పలేదు. గుర్తులేదంది. గుర్తున్నట్టు ఆమె మొహంలో తెలుస్తూనే ఉంది. పదమూడో మనిషి గాజుల కొట్టతను. తనకి వచ్చిన కబుర్లు ఎలాగున్నవి అలాగే ఉంచమని, ఎవరైనా అడిగినా మార్చొద్దని చెప్పి వెళ్ళాడు. పధ్నాలుగో ఆయన ఫోన్ చేసుకున్నాడు.

నాకూ ఒక అనుమానం ఉంది. జూన్ 2 సాయంత్రం అడిగాను.

"మీ అన్న హార్వే ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేసి, కొర్నేలి బావ బాగున్నాడా అని అడిగేవాడు కదా. నిజంగా ఎన్నిసార్లు అడిగాడు?"

మరియమ్మ కాసేపు లెక్క వేసుకుంది. "రెండుసార్లు."

"మిగతావి?"

"మిగతావి నేను అడిగాను. మీరు బాగున్నారా అని. బాగున్నానన్నారు కదా."

జూన్ 4న వనజాక్షి స్కూటీ మీద వచ్చింది. ఆ అమ్మాయి భిలాయ్‌లో పుట్టింది, తెలుగు తక్కువ. నాన్నని పాపా అంటుంది, మేనత్తని బువా అంటుంది. బూత్‌లోకి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఆంటీ, బువా రాకపోతే నేను మండపంలో కూర్చోను. పాపాకి చెప్పేశాను. క్యాన్సిల్ అంటే క్యాన్సిల్."

"అలా అనకమ్మా. కార్డులు పంచేశారు."

"అయితే ఏమైంది? నాకు దువ్వెన పట్టుకోవడం నేర్పింది బువా. మేనత్త కుర్చీలో వేరే ఆంటీని కూర్చోబెడతారంట. పాపా జిద్ది, పట్టిన పట్టు వదలరు. బువా డబుల్ జిద్ది. నేను వాళ్ళిద్దరి ఖాన్‌దానే కదా."

"మీ నాన్న మళ్ళీ ఫోన్ చేస్తారా?"

"చెయ్యనంటున్నారు. మీరు చెయ్యండి. మీరు చెప్తే వింటుంది."

"ఇప్పుడు నేను చెప్తే ఎవరు నమ్ముతారమ్మా?" అంది మరియమ్మ. తర్వాత అంది, "ఆదివారం పదకొండుకి మీ నాన్నని తీసుకురా. కుంకుమ కూడా తీసుకురా. తడి కుంకుమ అయితే నిలుస్తుంది."

జూన్ 6న గల్లీలో మురుగునీటి నాలా తవ్వుతూ మా టెలిఫోను తీగ తెగ్గొట్టారు. ఆదివారానికి బాగుపడలేదు.

జూన్ 8, ఆదివారం. పదకొండుకి అయిదు నిమిషాల ముందు నరసింగరావు, వనజాక్షి వచ్చారు. లైను లేదని చెప్పాను. ఇక ఉన్నది ఆయన సెల్‌ఫోను ఒక్కటే. గల్లీలో దానికి సిగ్నల్ దొరికేది ఒకే చోట, నాలా మీది కల్వర్టు దగ్గర. అందరం అక్కడికి వెళ్ళాం. సింహాచలమ్మ పొయ్యి ఆర్పి వచ్చింది.

"బొట్టు పెట్టండి అన్నయ్యా" అంది మరియమ్మ.

నరసింగరావు ఫోను వైపు చూసుకున్నాడు. "ఎట్టేనని చెప్పీ చెల్లెమ్మా. కొత్త ఫోను."

"చూడనిది చూశానని చెప్పను."

"తొమ్మిదేళ్ళు అననివి అన్నట్టు చెప్పేవు కదా!"

"అవి కబుర్లు. ఇది సాక్ష్యం."

వనజాక్షి భరిణె మూత తీసింది. నరసింగరావు వేలు ముంచి, వినే వైపు బొట్టు పెట్టాడు. తడి కుంకుమ కిందికి కారి అయిదో నంబరు బటన్ మీద ఆగింది. మరియమ్మ దగ్గరికి వంగి చూసింది. అప్పుడు ఫోన్ కలపమంది.

"జోగమ్మగారూ, నేను మరియమ్మని. బొట్టు పెట్టారు. నేను చూశాను."

"ఎక్కడెట్టేడు?"

"ఆయన సెల్‌ఫోనుకే. కారుతోంది."

అవతల జోగమ్మ గొంతు లేచింది. అది కల్వర్టు అవతల సైకిల్ దుకాణం వరకు వినిపించింది. "సూడు మరియమ్మా, ఇన్నాళ్ళూ నువ్వు కలిపి సెప్పేవంట. ఈరోజు కలపొద్దు, తియ్యొద్దు. నానన్నది అన్నట్టు ఆడికి సెప్పు."

"ఏటంటోంది?" అన్నాడు నరసింగరావు. ఆయనకి నాకన్నా దగ్గరగా వినిపించింది.

"అన్నది అన్నట్టు చెప్పమంటున్నారు."

"నేనన్నదీ అంతే. చెప్పు."

"ఆ దున్నపోతుతో సెప్పు" అంది జోగమ్మ. "పలకట్టుకున్నోణ్ణి పంపేడు. నానేటి సరుకునా, పేరు సూసి దింపుకోడానికి?"

మరియమ్మ తిరిగి, "ఆ దున్నపోతుతో చెప్పు అంటున్నారు" అంది.

"దున్నపోతెవరు?"

"మీరే అన్నయ్యా. పలక పట్టుకున్నవాణ్ణి పంపారు, నేనేమైనా సరుకునా అంటున్నారు."

"బి షిఫ్టులో ఉన్నాను. లీవియ్యలేదు. గాడిదకున్న ఓపిక కూడా లేదు దానికి, రైలెక్కి ఎలిపోయింది. చెప్పు."

మరియమ్మ ఫోన్లో, "బి షిఫ్టులో ఉన్నారట. లీవివ్వలేదట. మీకు గాడిదకున్న ఓపిక కూడా లేదట" అంది.

"ఒలమ్మ! గాడిదన్నాడా?"

"అన్నారండీ."

ఆ తర్వాత జోగమ్మ అన్నవీ, నరసింగరావు అన్నవీ మరియమ్మ అన్నవి అన్నట్టే చెప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది. అవి ఇక్కడ రాయడం లేదు. సైకిల్ దుకాణంవాడు పంపు ఆపి విన్నాడు. అతనిది బిలాస్‌పూర్, తెలుగు రాదు. అయినా రెండుసార్లు తల పట్టుకున్నాడు. వనజాక్షి స్కూటీ సీటు మీద మొహం దాచుకుంది. అయిదో నిమిషంలో నరసింగరావు చెయ్యెత్తాడు.

"చెల్లెమ్మా. కొంచెం తగ్గించి చెప్పు."

మరియమ్మ ఫోన్లో ఆ మాట చెప్పింది. అవతల జోగమ్మ కూడా, "మరీ ఇంత అన్నది అన్నట్టా మరియమ్మా?" అంది. అక్కడితో ఆవిడ గొంతు తగ్గింది. తర్వాత అన్నది మాకు వినిపించలేదు. మరియమ్మ ఒక్కతే విన్నది. విని ఫోను చెవి నుంచి తీసింది. ఆమె చెవికి కుంకుమ అంటుకుంది.

"కాలు ఎలా ఉందని అడుగుతున్నారు" అంది.

నరసింగరావు ఆమె మొహంలోకి చూశాడు. "అది నువ్వు కలిపిందే."

"కాదు అన్నయ్యా. ఇది ఆవిడ అడిగిందే."

ఆయన నావైపు తిరిగాడు. నాకు వినపడలేదని చెప్పాను. సింహాచలమ్మని చూశాడు. ఆవిడకీ వినపడలేదు.

నరసింగరావు కల్వర్టు గోడ మీద కూర్చుని ఎడమకాలి చెప్పు విడిచాడు. పాదం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"తగ్గిందని చెప్పు" అన్నాడు.

మరియమ్మ చెప్పింది. అవతలినుంచి ఏదో అడిగారు. మరియమ్మ వంగి పాదం చూసింది.

"చూశానండీ" అంది ఫోన్లో. "మచ్చ ఉంది. నడుస్తున్నారు."

ఫోన్ పదకొండూ పంతొమ్మిదికి ఆగిపోయింది. జోగమ్మ పెట్టేసిందో, అదే ఆగిందో తెలియదు. ఆ తర్వాత అది వెలగలేదు. లక్ష్మీప్రసాద్ దాన్ని రాయపూర్ తీసుకెళ్ళి బాగు చేయించాడు. లోపలికి కుంకుమ వెళ్ళిందని అక్కడ చెప్పారట. బాగుపడి వచ్చినా అయిదో నంబరు పనిచెయ్యలేదు. పెళ్ళికి వస్తానని జోగమ్మ అందా లేదా అన్నది ఎనిమిది రోజులపాటు ఎవరికీ తెలియదు. మరియమ్మని ముప్పైమందైనా అడిగి ఉంటారు. "అనలేదు" అని అందరికీ చెప్పింది. నరసింగరావుకీ అదే చెప్పింది.

జూన్ 16న విజయనగరం వైపు నుంచి వచ్చే రైలు దుర్గ్‌కి పొద్దున తొమ్మిదింటికి రావాలి. అక్క వస్తుందో రాదో తెలియకుండానే నరసింగరావు అయిదింటికే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. రైలు రెండు గంటలు ఆలస్యమైంది. జోగమ్మ పెట్టెతో దిగింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారని తర్వాత అడిగాను. "పెట్టి ఇటియ్యి అన్నాను, ఇచ్చింది" అన్నాడు. సెక్టర్ 4 వెళ్ళేముందు జోగమ్మ ఆటోని మా గల్లీలో ఆపించింది. బూత్‌లోకి వచ్చి రిసీవరు ఎత్తి చిల్లుల్లోకి చూసింది. తన పెట్టెలోంచి కుంకుమ తీసి మరియమ్మకి పెట్టబోయి, గుర్తొచ్చి ఆగింది. చుట్టూ చూసి రిసీవరుకి పెట్టింది.

జూన్ 18న పెళ్ళి జరిగింది. మేనత్త కుర్చీలో జోగమ్మే కూర్చుంది. మూడు రోజులుండి వెళ్ళింది. అప్పుడు కూడా నరసింగరావు స్టేషనుకి వెళ్ళాడు.

జూలైలో బూత్‌కి మొత్తం నలభై నాలుగుమంది వచ్చారు. జూలై 31న లైను సరెండర్ చేశాను. టెలిఫోన్ ఆఫీసులో గుమస్తా రిసీవరు తిప్పి చూసి ఆ ఎరుపేమిటని హిందీలో అడిగాడు. కుంకుమ అని చెప్పాను. కాగితం మీద మరియమ్మ పేరు చూశాడు. మళ్ళీ రిసీవరు చూశాడు. "రంగు మారినది" అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. బూత్‌లో ఇప్పుడు సింహాచలమ్మ కొడుకు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నాడు.

ఆగస్టు 3, ఆదివారం. పదకొండుకి రెండు నిమిషాల ముందు నరసింగరావు మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని సెల్‌ఫోను ముందు బల్లమీద పెట్టాడు. పదకొండుకి అది మోగింది. ఆయన ఎత్తలేదు. మరియమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎత్తింది.

"చెప్పండి జోగమ్మగారూ" అంది.